మొదటి బిందె నీళ్ళు

పందిరిలంక తూము గది పుస్తకం. సముద్రపు ముంపు వచ్చాక ముప్పై ఒకటో ఏడు. రాస్తున్నది నాంచారి.

రోహిణి కార్తె, 2వ రోజు

నేను గది తలుపు తీసేసరికే చేప పిల్లల్ని ఎంచే పెట్టె తనే లెక్క తేల్చేసింది. మూడు గిన్నెలు, గిన్నెకి వంద శీలావతి చేప గుడ్లు. పిల్లలైనవి 96, 97, 95. పచ్చదీపం వెలిగింది, తూము తలుపు దానంతట అదే పైకి లేచింది, కాలువ నీళ్ళు లంక ట్యాంకులోకి దూకాయి. తొంభై దాటితే పచ్చ, తగ్గితే ఎరుపు. కాలువ నీళ్ళలో చేప గుడ్డు పిల్లయితే ఆ నీళ్ళు మనమూ తాగొచ్చని లెక్క. ఎగువ నుంచి నీళ్ళు పరీక్షించే కాగితాలు రావడం ఆగిపోయి ఇరవై రెండేళ్ళయింది. అప్పటి నుంచి ఇదే పద్ధతి, అప్పటి నుంచి ఈ గదిలో నేనే. ఒక్కనాడు కూడా తప్పుడు లెక్క రాయలేదు. ఈ మాట కామేశం గారి మొహం మీదే అంటాను, ఆయన లంక పెద్దయితే నాకేంటి.

తూము లేవగానే వచ్చే మొదటి నీళ్ళు కడుపుతో ఉన్నవాళ్ళవి. ముంపు నాటి నుంచి వస్తున్న ఆచారం ఇది. రాత్రంతా కాలువ మూతి దగ్గర నిలిచి తేరుకున్న నీళ్ళు కాబట్టి మంచివని, ముందు వాళ్ళే తాగాలని పెద్దవాళ్ళు పెట్టారు. ఇప్పుడు పది మంది ఉన్నారు. పది బిందెలూ పడవలో పెట్టుకుని ఇంటింటికీ నేనే ఇచ్చి వస్తాను. పదోది మా ఇంటిదే. మా తమ్ముడు తాతీలు పెళ్ళాం మంగతాయికి రెండో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. నాకు పిల్లల్లేరు, మొగుడూ పోయాడు. మా ఇంట్లో ఉయ్యాల కట్టి ఎన్నేళ్ళయిందో నాకే గుర్తు లేదు. అందుకని మంగతాయి పక్కన కూర్చుని చెంబెడు నీళ్ళు తాగేదాకా లేవను.

"చాలొదినా, ఇంకొంచెం తాగితే చేపనయిపోతాను" అంది ఇవాళ.

"అవ్వు. గిన్నెలో వేసి లెక్కపెట్టుకుంటాను" అన్నాను.

రోహిణి కార్తె, 6వ రోజు

చేప పిల్లల్ని తీసుకెళ్ళే పడవ ఎగువ నుంచి వచ్చింది. పరీక్షకి పోగా మిగిలిన గుడ్లని పిల్లలు చేసి, నారు చెరువులో పెంచి వాళ్ళకిస్తాం, వాళ్ళు బియ్యం ఇస్తారు. లంకలో ఆరు వందల నలభై మంది తినేది ఆ బియ్యమే. సంచిలో నీళ్ళు పోసి, ఆక్సిజన్ కొట్టి మూతి కట్టాక రెండు రోజుల ప్రయాణం. బెదిరే పిల్ల, ఎగిరే పిల్ల సంచిలో తనని తనే కొట్టుకుని చస్తుంది. అందుకే పదిహేనేళ్ళుగా మేం తల్లి చేపల్ని ఎంచేటప్పుడు చెరువు గట్టు మీద కాలితో దరువేసి చూస్తాం. పరిగెత్తిన చేప కూరకి, తాపీగా ఉన్న చేప చెరువుకి. నా చేతి పిల్లలు నెమ్మదస్తులని ఎగువన పేరుంది. గొప్పలు చెప్పుకోవడం కాదు, ఉన్న మాటే.

పడవ పేర్రాజు సంచి ఎత్తి వెలుతురులోకి పెట్టి చూశాడు. "ఏం పెట్టావమ్మా వీటికి? భజనలో కూర్చున్నట్టు కూర్చున్నాయి" అన్నాడు. సంచిని రెండు చేతులతో కుదిపాడు. ఒక్కటీ కదల్లేదు. పోయినసారి సంచికి పాతిక చచ్చాయట, ఈసారి పోతే ఒకటో రెండో అన్నాడు. ఒక బస్తా బియ్యం ఎక్కువే దించి వెళ్ళాడు.

నెమ్మది: చాలా బాగుంది. ఈ మాట కింద రెండు గీతలు గీశాను, ఎవరైనా చూసుకోనీ.

రోహిణి కార్తె, 12వ రోజు

తాతీలు ఇవాళ కూడా కాలువ మూతి దగ్గర కలుపు మందు కొట్టాడు. నాలుగు రోజులకోసారి కొడుతున్నాడు. నీళ్ళ మీద అల్లుకున్న గుర్రపుడెక్క చాలా వరకు ఎండి మునిగిపోయింది, నీళ్ళు ధారగా వస్తున్నాయి. వేసవి మొదట్లో ఆ డెక్క కాలువని ఎంత మూసేసిందంటే ట్యాంకు నిండడానికి సాయంత్రమయ్యేది. మీటింగులో నేనే లేచి, ఈ లంకలో మగాళ్ళు ఉన్నారా లేక అందరూ ముంపులో కొట్టుకుపోయారా అని అరిచాను. ఆ రోషానికి తాతీలు ఎగువ గోదాముకి వెళ్ళి కలుపు మందు పీపాలు మూడు తెచ్చాడు. వాటి మీద పేరు కాగితం చినిగిపోయి ఉంది. చేపకి ఏమీ కాదని గోదాము వాళ్ళు చెప్పారట. నేను అంత తేలిగ్గా నమ్మే మనిషిని కాదు. కృత్తిక కార్తె ఏడో రోజున మొదటిసారి కొట్టించి, ఆ నీళ్ళలోనే గుడ్లు పెట్టాను. 96 పిల్లలయ్యాయి. అప్పుడే సరే కానివ్వమన్నాను.

మంగతాయికి వాంతులు ఎక్కువగా ఉన్నాయి. నీళ్ళు ఒక్కటే నిలుస్తున్నాయి. రెండో చెంబు కూడా పట్టించాను.

మృగశిర కార్తె, 9వ రోజు

నారు చెరువు మీద వలకి చిరుగు పడింది. నీటికాకి ఒకటి లోపలికి దూరింది. మామూలుగా అయితే పిట్ట నీడ పడిందంటే చాలు, పిల్లలన్నీ ఒక్క ఊపున అడుక్కి పోతాయి. నెమ్మదస్తులైనా సరే, ప్రాణభయం అనేది ఉంటుంది కదా. ఇవాళ ఒక్కటి కూడా పోలేదు. నీటికాకి చెరువు మధ్యలో తేలుతూ, మెడ వంచి, కంచంలో అన్నం తిన్నట్టు తింది. పక్కనున్న పిల్లని మింగుతుంటే ఇటుపక్క పిల్ల అక్కడే ఉంది. నేను గట్టు మీద నుంచి పుల్ల విసిరాను. పిట్ట ఎగిరిపోయింది, పిల్లలు మాత్రం అలాగే ఉన్నాయి.

గట్టు మీద చతికిలపడ్డాను.

మృగశిర కార్తె, 10వ రోజు

నారు చెరువు పిల్లల్ని గిన్నెలో వేసి అంచు మీద గోటితో కొట్టాను. కదల్లేదు. చెంబుతో కొట్టాను. రెండు తోకాడించాయి, అంతే. చేత్తో నీడ వేశాను. నీడ వైపు తిరిగినవి కూడా లేవు.

తర్వాత మూడు రోజుల పిల్లల్ని భూతద్దాల గొట్టం కింద పెట్టాను. ఆ గొట్టం తీసి ఎనిమిదేళ్ళయిందేమో, పురుగులు గూడు పెట్టాయి. లెక్కకి బతికుంటే చాలు కాబట్టి పిల్లల తల ఎలా ఉందో ఎవరు చూస్తారు? నేనూ చూడలేదు. శీలావతి పిల్ల ఒళ్ళు అద్దంలా ఉంటుంది, గుండె కొట్టుకోవడం, తలలో మెదడు ఉబ్బులు అన్నీ కనిపిస్తాయి. వీటికి తోక బాగుంది, గుండె బాగుంది. కళ్ళు రెండూ దగ్గరికి జరిగి ఉన్నాయి. కళ్ళ ముందు ఉబ్బెత్తుగా ఉండాల్సిన చోట అణిగిపోయి ఉంది. పాతికని చూశాను. పంతొమ్మిది అలాగే ఉన్నాయి.

ఇవి చచ్చిపోలేదు కాబట్టి నాకు పచ్చదీపం చూపించాయి. తల తయారవక కదలకుండా ఉంటే నేను నెమ్మది అని రాసుకుని, కింద గీతలు గీసుకున్నాను. వీటిలో నుంచే వచ్చే ఏటికి తల్లి చేపల్ని కూడా ఎంచిపెట్టాను. చేపలతోనే బతికినదాన్ని, చేప బాధ నాకు తెలియలేదు. ఛీ, నా బతుకు.

మృగశిర కార్తె, 11వ రోజు

తాతీలుని గదికి పిలిచి గొట్టంలో చూడమన్నాను. చాలాసేపు చూశాడు.

"ఏంటక్కా ఇది?"

"నీ మందు."

"నా మందేంటి? నువ్వే గదా గుడ్లు పెట్టి చూసి కొట్టమంది. ఒక్క గుడ్డు చావలేదన్నావు."

"చావలేదు. అదేగా నేను చూసింది" అన్నాను.

వాడు గొట్టం ముందు నుంచి లేవలేదు. "మంగతాయి తాగే బిందె..." అని మొదలెట్టి ఆగిపోయాడు. మందు కొట్టిన మర్నాడు పొద్దున కాలువ మూతి దగ్గర నిలిచిన నీళ్ళలోనే అది అన్నిటికంటే చిక్కగా ఉంటుంది. ఆ నీళ్ళే మొదటి బిందె. ఇది వాడికీ తెలుసు, నాకూ తెలుసు.

ఇక మందు కొట్టొద్దన్నాను. సరేనన్నాడు. కానీ మునిగిన డెక్క కాలువ అడుగున కుళ్ళుతోంది, అది పీల్చుకున్నదంతా నీళ్ళలోకే దిగుతోంది. మందు ఆపినంత మాత్రాన నీళ్ళు బాగుపడవు.

మందేనని తేలాలి. పోయినేటి వాన నీళ్ళు నా దగ్గర ఒక్క కుండ ఉన్నాయి. మూడు గిన్నెలు పెట్టాను. మొదటిదాంట్లో ఆసాంతం వాన నీళ్ళు. రెండోదాంట్లో ఆసాంతం కాలువ నీళ్ళు. మూడోదాంట్లో మొదట ఎనిమిది గంటలు కాలువ నీళ్ళు, ఆ తర్వాత వాన నీళ్ళు. గుడ్డులో తల కట్టుకునేది ఆ ఎనిమిది గంటల్లోనే. తర్వాత మంచి నీళ్ళు పోస్తే బాగుపడుతుందా అన్నది నాకు కావాలి. ఎందుకు కావాలో రాయను.

ఆ కుండ నీళ్ళు మంగతాయికి ఇస్తే నాలుగు రోజులు వచ్చేవి. చేతిలో చెంబు పట్టుకుని నిలబడిపోయాను. నలుగురికీ చూపించే రుజువు లేకపోతే పది మందీ అవే నీళ్ళు తాగుతారు. గిన్నెల్లోనే పోశాను.

ఇవాళ్టి నుంచి మొదటి నీళ్ళు పది బిందెలు ముంపు నీళ్ళలోకి పారబోసి, ఆ తర్వాత వచ్చినవి మోసుకెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. ఇవీ ఆ కాలువవే.

ఆరుద్ర కార్తె, 1వ రోజు

పిల్లలు ఈదడం మొదలుపెట్టాయి. వాన నీళ్ళ గిన్నె మీద గోటితో కొట్టగానే చెల్లాచెదురయ్యాయి. అంత పరుగు చూసి ఎన్నాళ్ళయిందో. ఒకప్పుడైతే ఎగిరే జాతి అని విసుక్కునేదాన్ని, ఇవాళ ఏడుపొచ్చింది.

కాలువ నీళ్ళ గిన్నెలో 97 పిల్లల్లో కదిలినవి 12.

మూడో గిన్నెలో 93 పిల్లల్లో 31. నాలుగుసార్లు కొట్టి చూశాను. ముప్పై ఒకటే.

ఆరుద్ర కార్తె, 2వ రోజు

కామేశం గారిని రమ్మని కబురు పెట్టాను. డెబ్బై దాటిన మనిషి, కర్ర పట్టుకుని పడవ దిగి వచ్చారు. వాన నీళ్ళదీ, కాలువ నీళ్ళదీ రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టి అంచులు కొట్టి చూపించాను.

"ఇవి బెదురుతున్నాయి, అవి తాపీగా ఉన్నాయి. మనం కోరుకునేది తాపీగా ఉన్నవేగా నాంచారమ్మా" అన్నారు.

గొట్టంలో తల చూపించాను. ఆయన కళ్ళకి సరిగా ఆనలేదు, నేను బొమ్మ గీసి చూపించాను. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలారు.

"కాలువ ఆపితే ట్యాంకులో ఎన్ని రోజులకి నీళ్ళున్నాయి?"

"తొమ్మిది రోజులకి. పొదుపుగా వాడితే పన్నెండు."

"వాన జాడ లేదు. ముంపు నీళ్ళలోంచి ఉప్పు తీసే యంత్రం సగమే పనిచేస్తోంది." కర్ర ఒళ్ళో పెట్టుకున్నారు. "ముంపు వచ్చిన ఏడు నీళ్ళు లేక అరవై రెండు మందిని తెప్పల మీద సాగనంపాం. అందులో నా పిల్లలు ఇద్దరు. దాహంతో పిల్లలు ఎట్టా పోతారో నేను చూశాను. నువ్వు చూపించేది నేను ఇంతవరకు చూడలేదు. ఒక్క కుండ నీళ్ళతో, ఒక్కసారి చేసిన లెక్కకి తూము మూయమంటావు. ఇంకోసారి చెయ్యి. అట్టాగే వస్తే నేనే మూయిస్తాను."

"ఇంకోసారి అంటే నాలుగు రోజులండీ. ఆ నాలుగు రోజులూ ఆడవాళ్ళు తాగాల్సిందేనా?"

"ఇన్నాళ్ళూ తాగారు గదమ్మా" అన్నారు.

ఆయన చెడ్డ మాట అనలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అందునేమో. అయినా ఆ మాట గుండెల్లో దిగబడింది. యంత్రం తీసిన నీళ్ళు కాసిని ఇప్పించారు, మళ్ళీ మూడు గిన్నెలు పెట్టాను.

ఆరుద్ర కార్తె, 5వ రోజు

పొద్దున బిందెలు మోసి వచ్చేసరికి గది ముందు వరాలు నిలబడి ఉంది. వలలు అల్లే సూరన్న కోడలు, పెళ్ళయి ఏడాది కాలేదు. చేతిలో తోమిన కొత్త బిందె. తల వంచుకుని నవ్వుతోంది.

"పిన్నీ, నా పేరు కూడా రాయండి. రేపట్నుంచి నాకూ మొదటి బిందె."

"ఎన్నో నెలే?"

"నిన్ననే తెలిసింది. నెల తప్పి నాలుగు రోజులు. మా అత్తయ్య ఇంకా ఎవరికీ చెప్పొద్దంది గానీ, నీళ్ళకి మాత్రం వెంటనే వెళ్ళమంది."

నెల తప్పి నాలుగు రోజులు. బిడ్డకి ఇంకా తల కట్టుకోలేదు. నా మూడో గిన్నెకి ఇంకా మొదటి గంట.

రాస్తాలే, వెళ్ళిరా అన్నాను. అది బిందె నా దగ్గరే పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం మామూలుగా మూడు గిన్నెల్లో మూడు వందల గుడ్లు పెట్టాను. తలుపు గడియ వేసి, పొయ్యి మీద నీళ్ళు మరిగించాను. పెట్టెకి తల గురించి చెప్పే దారి లేదు. కదలికల గురించి చెప్పే దారి లేదు. దానికి తెలిసింది బతికిందా చచ్చిందా, అంతే. సున్నా వస్తే తూము లేవదు, దాన్ని మళ్ళీ లేపాలంటే కామేశం గారి తాళంచెవీ నాదీ రెండూ కావాలి. మరిగే నీళ్ళు మూడు గిన్నెల్లోనూ పోశాను. గుడ్లు ఒక్కసారిగా తెల్లబడ్డాయి.

ఇరవై రెండేళ్ళలో మొదటి దొంగ లెక్క ఇది. అందుకే ఇక్కడ నా పేరుతో రాస్తున్నాను. గుడ్లు నీళ్ళవల్ల చావలేదు, నేను చంపాను.

ఆరుద్ర కార్తె, 6వ రోజు

0, 0, 0. ఎర్రదీపం. తూము లేవలేదు.

అరగంటలో లంకంతా పడవలేసుకుని గది ముందుకొచ్చింది. కాలువలో విషం కలిసిందని ఒకడు, పెట్టె పాడైందని ఒకడు. బిందెలు డబడబలాడుతున్నాయి. కామేశం గారు వచ్చి అందర్నీ బయటే ఉండమని లోపలికొచ్చి తలుపు వేశారు. గిన్నెలో వేలు పెట్టి ఒక గుడ్డు పైకి తీసి నలిపి చూశారు. లోపల గట్టిగా ఉంది, ఉడికినట్టు.

"నువ్వేనా?"

"నేనే."

ఎంత తిట్టినా పడదామనుకున్నాను. తాళంచెవి లాక్కుంటారేమోనని కొంగులో ముడేసి పట్టుకున్నాను. ఆయన ఆ వైపే చూడలేదు.

"ఎందుకమ్మా? ఇంకో రోజు ఆగితే నా లెక్క కూడా తేలేది."

వరాలు గురించి చెప్పాను. కొత్త బిందె అక్కడే ఉంది, చూపించాను.

ఆయన చెప్పగా పెట్టిన రెండో విడత గిన్నెల దగ్గరికి వెళ్ళారు. వాటికి సాయంత్రం దాకా గడువుంది, కానీ ముందు పిల్లలైనవి అప్పుడే ఈదుతున్నాయి. కర్ర కొసతో మంచి నీళ్ళ గిన్నెని తాకారు. పిల్లలు చెదిరాయి. కాలువ నీళ్ళ గిన్నెని తాకారు. మళ్ళీ తాకారు. గట్టిగా కొట్టారు, నీళ్ళు ఒలికాయి.

"దీపం అట్టాగే ఉండనీ" అన్నారు. "బయట నేను చెప్తాను. గుడ్లు ఎట్టా చచ్చాయో నీకూ నాకూ తెలిస్తే చాలు."

"పుస్తకంలో రాసేశానండీ."

నా మొహం వంక చూసి ఒక్కసారి కళ్ళు మూసుకున్నారు. "రాస్తావు. నీ సంగతి నాకు తెలియదా" అన్నారు.

ఇంటికి రోజుకి రెండు బిందెలని నిర్ణయించారు. నాలుగు పడవలు తూర్పు లంకకి నీళ్ళకి బయలుదేరాయి. మిగిలిన మగాళ్ళు, ఆడాళ్ళు కాలువలోకి దిగి కుళ్ళిన డెక్కని చేతులతో లాగి దూరంగా పారేస్తున్నారు. తాతీలు పీక లోతు నీళ్ళలో అందరికంటే ముందున్నాడు. తిండికి పిలిస్తే రాలేదు.

వెళ్ళబోతూ కామేశం గారు ఒక మాట అన్నారు. "కడుపుతో ఉన్నవాళ్ళకి నువ్వే వెళ్ళి చెప్పు. నీళ్ళు బాగాలేవని చెప్పు చాలు. చేప వేరు, మనిషి వేరని చెప్పి ధైర్యం ఇవ్వు. భయపెట్టకు." సరేనని తలూపాను.

ఆరుద్ర కార్తె, 7వ రోజు

పొద్దున బిందెలు లేకుండా పడవ ఎక్కాను. పదకొండు ఇళ్ళు.

మొదటి ఇంటి దగ్గరే ధైర్యం చెప్పే మాట నోట్లోంచి రాలేదు. ఇరవై రెండేళ్ళుగా చేప పిల్ల బతికిందని చూపించి ఈ మనుషులతో నీళ్ళు తాగించినదాన్ని. ఇప్పుడు చేప వేరు, మనిషి వేరని ఏ మొహంతో అనను? ఉన్నదున్నట్టు చెప్పాను. ఎన్ని రోజులు తాగారో, అందులో మొదటి బిందె ఎన్ని రోజులో, నా గిన్నెల్లో ఏం చూశానో చెప్పాను. మీ పిల్లలకి ఏమవుతుందో నాకు తెలియదని, ఏమీ కాకపోవచ్చని కూడా చెప్పాను. ఒకామె తలుపు వేసేసింది. ఒకామె అత్తగారు నాకు శాపనార్థాలు పెట్టింది, పడ్డాను. ఏడో నెల ఆవిడకి, మీకు భయం తక్కువ, మందు కొట్టేనాటికే తల కట్టుకుంది అన్నాను. ఆవిడ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. వరాలు బిందె దానికి తిరిగిచ్చేశాను. "ట్యాంకు నీళ్ళు నేనూ తాగాను గదా పిన్నీ" అంది. తాగావు, కానీ చాలా ముందే ఆపాం అన్నాను. అది నిజమే.

పదో ఇల్లు రాజ్యం వాళ్ళది, మా పక్కిల్లే. ఆమెకీ మంగతాయికీ నెలలు ఒకటే. రాజ్యం కుండ బద్దలు కొట్టినట్టు అడిగే మనిషి. "తర్వాత మంచి నీళ్ళు పోసినవాటికి తల బాగయిందా లేదా, అది చెప్పండి" అంది. తొంభై మూడింటిలో ముప్పై ఒకటికే అయిందని చెప్పాను. ఆమె గోడకి ఆనుకుని కిందికి జారింది. మంచినీళ్ళు ఇద్దామని లేచి, ఏ నీళ్ళివ్వాలో తోచక అలాగే నిలబడిపోయాను.

తర్వాత మా ఇల్లు. మంగతాయి చాప మీద కూర్చుని ఉంది. మూడో నెల నిండుతోంది, ఇప్పుడిప్పుడే పొట్ట తెలుస్తోంది. వాంతులు తగ్గాక మొహం తేటపడింది. "రావొదినా, తిన్నావా?" అంది.

పక్కన కూర్చున్నాను. తిన్నానన్నాను.

"నీళ్ళు బాగాలేవే, అందుకే ఆపాం" అన్నాను. "చేప వేరు, మనిషి వేరు మంగతాయీ. నీకేం కాదు. నువ్వు మనసులో ఏమీ పెట్టుకోకు."

మంగతాయి చాప అంచు పుల్లలు ఒక్కొక్కటే సరిచేస్తూ కూర్చుంది. ఆ తర్వాత తలెత్తింది.

"మనకీ రాజ్యం వాళ్ళకీ మధ్య రేకే గదా వదినా. ఇందాక నువ్వు చెప్పిందంతా విన్నాను."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"రాజ్యానికి నిజం చెప్పి నాకు అబద్ధం చెప్పావు. దాన్నిబట్టే ఇది ఎంత పెద్దదో నాకు తెలిసిపోయింది" అంది. గొంతు పెంచలేదు. "ఇంక దాచి లాభం లేదు. నాది నాకు చెప్పు."

చెప్పాను. నలభై ఒక్క రోజులు. అందులో ముప్పై రెండు రోజులు మొదటి బిందె, నేనే మోసుకొచ్చి, పక్కన కూర్చుని, చాలంటున్నా వినకుండా పట్టించినవి. మందు మొదలైన రోజుకి నీకు ఆరో వారం, తల కట్టుకునే రోజులే అని చెప్పాను. పాతికలో పంతొమ్మిది, తొంభై మూడులో ముప్పై ఒకటి, అన్నీ చెప్పాను. మంగతాయి నా మొహం మీద నుంచి చూపు తిప్పలేదు.

అంతా అయ్యాక నేను ఏడుస్తూ చెయ్యి చాపి ఆమె పొట్ట మీద పెట్టబోయాను. మంగతాయి నా మణికట్టు పట్టుకుని ఆపింది.

"ఇవాళ వద్దొదినా" అంది.